సుగుణ ఆంటీ హైవే దిగిన రోజు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ బాక్స్ తెరుస్తుంటే కిరణ్ ఫోన్ చేశాడు. పుట్టినప్పటి నుంచీ ఇంగ్లీషు తప్ప మాట్లాడని కుర్రాడు, "అమ్మ పోయింది అక్కా" అని తెలుగులో అన్నాడు.

నాకు వెంటనే ఎక్కలేదు. ఏ అమ్మ అని అడిగాను కూడా.

సుగుణ ఆంటీ, కిరణ్ వాళ్ళమ్మ. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

శనివారం మా ఇంటికొచ్చి, నా సాంబారుకు వంక పెట్టి, రెండుసార్లు పోయించుకుని వెళ్ళిన మనిషి. ఎలా నమ్మమంటారు?

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఇంగ్లండులో, ఈ నార్తాంప్టన్‌లో మా అందరికీ ఆవిడే పెద్దదిక్కు. హాస్పిటల్‌లో డాక్టర్‌గా చేసి రిటైరయ్యారు. అంకుల్ ఉన్నన్నాళ్ళూ ఆవిడకు స్టీరింగ్ ముట్టుకునే అవసరం రాలేదు. ఆవిడ డ్యూటీల రోటా చూసుకుని ఆయనే దింపేవారు, ఆయనే తెచ్చుకునేవారు.

అంకుల్ పోయాక ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్నారు. అరవై దాటాక. టెస్ట్ ఎన్నిసార్లు ఫెయిలయ్యారో అడిగితే మాట మార్చేసేవారు.

2005లో అమెరికాలో ఉన్న చెల్లెల్నీ మరిదినీ చూడాలన్నారు. షికాగోలో దిగి, కారు అద్దెకు తీసుకుని, వాళ్ళుండే ఒహాయో దాకా తనే నడుపుతానన్నారు. కిరణ్ గట్టిగా ఒక షరతు పెట్టాడు. దారిలో ఎవరైనా వచ్చి తీసుకెళ్ళాల్సి వస్తే, ఇంటికి రాగానే కారు అమ్మేయాలి. మళ్ళీ డ్రైవింగ్ మాట ఎత్తకూడదు.

ఆంటీ ఒప్పుకున్నారు. మ్యాపు చూడటానికి నన్ను లాక్కెళ్ళారు.

మొదటి రోజే అయిపోయిందనుకున్నాను. హైవే మీద రెండు పక్కలా పెద్ద పెద్ద ట్రక్కులు, పైన వాన. ఆంటీ స్టీరింగ్ మీదికి వంగిపోయి, స్పీడు తగ్గించేశారు. మొదటి ఎగ్జిట్‌లో దిగి, ఒక పెట్రోల్ బంకు పక్కన ఆపేశారు.

"ఆంటీ, మీ మరిదిగారికి ఫోన్ చెయ్యనా?" అన్నాను.

"చేశావంటే నిన్ను ఇక్కడే దింపేస్తా" అన్నారు.

ఫ్లాస్కులో టీ తాగారు. తర్వాత నా ఒళ్ళో మ్యాపు తీసుకుని, "ఈ లావు గీతలు మనకొద్దమ్మా. సన్నగీతలు పట్టుకుని పోదాం" అన్నారు.

ఒక్కరోజు ప్రయాణం మూడు రోజులైంది. నా జీవితంలో అంత మంచి మూడు రోజులు మళ్ళీ రాలేదు.

సన్నగీతల మీద ఊళ్ళున్నాయి. ఊరి మధ్యలో గడియారం ఉన్న కోర్టు భవనాలు, గోడల మీద వెలిసిపోయిన సబ్బుల ప్రకటనలు, రైళ్ళు ఆగడం మానేసిన స్టేషన్లు. రోడ్డు పక్కన చరిత్ర రాసిన బోర్డు కనబడితే చాలు, ఆవిడ కాలు బ్రేకు మీద ఉండేది. పక్కన ఆపి మొత్తం చదివితే గానీ కదిలేవారు కాదు.

ఇండియానాలో ఒక చిన్న ఊరు. నాలుగు రోడ్ల కూడలి, నాలుగు వైపులా స్టాప్ బోర్డులు, సిగ్నల్ లేదు. ముందొచ్చినవాళ్ళు ముందు వెళ్ళాలని మా ఇద్దరికీ తెలియదు. మనకేమో రౌండబౌట్లు తప్ప ఇంకోటి తెలియదాయె.

ఆంటీ మర్యాదగా చెయ్యి ఊపి, ముందు మీరు వెళ్ళండి అన్నారు. అటువైపు వాళ్ళు, లేదు మీరే వెళ్ళండి అని చెయ్యి ఊపారు. ఈవిడ పెళ్ళి భోజనాల్లో విస్తరి దగ్గర మొహమాటపడినట్టు మళ్ళీ మళ్ళీ మీరే అంటున్నారు. మా వెనక కార్లు బారులు తీరాయి. నాకు సీటు కిందికి దూరిపోవాలనిపించింది.

చివరికి ఎదుటి బండిలోంచి ఒక ముసలాయన దిగి మా దగ్గరికొచ్చారు. ఒంట్లో బాగానే ఉందా అని అడిగారు. ఆంటీ అద్దం దించి, "నేను బాగానే ఉన్నాను. ఆ పొలంలో గుండ్రంగా ఉందే, అదేమిటి?" అన్నారు.

ఆయన పగలబడి నవ్వారు. అది వాళ్ళ తాతగారు కట్టిన పశువులశాల. మూలలు లేకపోతే గాలికి పట్టు దొరకదని గుండ్రంగా కట్టారట. ఊరంతా నవ్విందట. తర్వాత ఆ నవ్వినవాళ్ళే ఒక్కొక్కరూ కొలతలు అడగడానికి వచ్చారట.

ఆయన బండి వెనకే వెళ్ళాం. లోపల మధ్యలో ఒక్క స్తంభం లేదు. వంచిన చెక్కలు చుట్టూ పైకి లేచి నడినెత్తిన కలుసుకున్నాయి. ఆంటీ చీర మీద కార్డిగన్‌తో అలాగే గడ్డిలో వెల్లకిలా పడుకుని కప్పు చూశారు. ఈ చెక్కలు వంచడానికి నీళ్ళలో నానబెట్టారా అని అడిగారు. ఆ ముసలాయనకు అంతకంటే సంతోషం కలిగించే ప్రశ్న ఇంకోటి ఉండదనుకుంటాను, వివరంగా చెబుతూనే ఉన్నారు.

అప్పుడే మరిదిగారి ఫోన్. "వదినా, ఎక్కడున్నారు? నేను బయల్దేరుతున్నా."

"పశువుల కొట్టంలో పడుకునున్నానండీ. మీరు రావద్దు. రేపు సాయంత్రం నేనే వస్తా" అని పెట్టేశారు.

వచ్చారు. చెల్లెలి ఇంటి వాకిట్లో, అక్కడి తెలుగువాళ్ళంతా చూస్తుండగా, ఒక్క గీత పడకుండా కారు ఆపి దిగారు. ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉంటున్న మరిదిగారు, దారిలో మొక్కజొన్న తప్ప ఏముంటుంది వదినా అన్నారు. ఆంటీ చెప్పడం మొదలుపెట్టారు. వడ్డించిన భోజనాలు చల్లారిపోయాయి. ఆ ఆదివారం ఆయనే భార్యను ఎక్కించుకుని ఇండియానా వైపు వెళ్ళారు.

కిరణ్ ఇంకెప్పుడూ కారు అమ్మమనలేదు.

తిరిగొచ్చాక ఆంటీ మమ్మల్ని పట్టుకున్నారు. మొగుడు దింపితే తప్ప సరుకులకు టెస్కోకి కూడా వెళ్ళలేని మా అందరి పక్కనా కూర్చుని, అరిచి, తిట్టి, ఏడిపించి నేర్పించారు. ఒక్కొక్కరం లైసెన్సు తెచ్చుకున్నాం.

వచ్చే వారం ఫ్యూనరల్. లీడ్స్ నుంచి లలిత, షెఫీల్డ్ నుంచి మాధవి, ఇక్కడి నుంచి మేమంతా. ఎవరి కారు వాళ్ళమే నడుపుకుంటూ వస్తున్నాం. మగవాళ్ళు కావాలంటే వెనక సీట్లో కూర్చోవచ్చు.

వెళ్ళిరండి ఆంటీ. మీకిప్పుడు తొందరేమీ లేదు. ప్రశాంతంగా, అన్నీ చూసుకుంటూ వెళ్ళండి.