తాత అలగలేదు

సెల్‌ఫోన్ కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో సిగ్నల్ ఎక్కడ దొరికితే అదే మాకు పుణ్యక్షేత్రం. మణుగూరు దగ్గర ఒక అడవిపల్లెలో నాకు దొరికిన పుణ్యక్షేత్రం శ్మశానం. అక్కడ నేను చేసిన పని ఒకటి చాలా ఏళ్లు ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పనందుకు మాటపడింది ఇంకొకరు.

అప్పుడు సారపాక కాగితం మిల్లుకు వెళ్లే జామాయిల్ కర్ర లారీల లోడింగ్ చూసుకునేవాణ్ణి. ఒక కోయ అవ్వ ఇంట్లో కిరాయికి ఉండేవాణ్ణి. ఊరి బయట మిట్ట మీద, పోయినవాళ్ల పేరున పాతిన రాళ్లు ఉండేవి. ఒక్కో రాయి ఒక్కో మనిషి. అన్నిటికన్నా పొడుగుది అవ్వ పెనిమిటిది (మనిషి మాత్రం పొట్టి అని అవ్వే చెప్పింది). సిగ్నల్ వచ్చేది ఆ మిట్ట మీదే. నాకేమో ఖమ్మం అమ్మాయితో పెళ్లి కుదిరిన కొత్త. రోజూ సాయంత్రం నేను బయలుదేరుతుంటే, చెవుడున్న ఆ అవ్వ ఊరంతా వినేలా చెప్పేది: "చెప్పులు ఇడిసి పో బిడ్డా. ఎవరొచ్చిన్రో పేరు చెప్పు. ఆడ గట్టిగ ఒర్లకు, పండుకున్నోళ్లు లేస్తరు." "అవ్, అవ్" అనేవాణ్ణి. చెప్పులు విడిచిందీ లేదు, పేరు చెప్పిందీ లేదు. ఒర్లడం మాత్రం తప్పేది కాదు, సిగ్నల్ అలాంటిది.

ఒక వానాకాలం సాయంత్రం అవతలి గొంతు తెగి తెగి వినిపిస్తోంది. ఇంకాస్త ఎత్తు దొరికితే బాగుండుననిపించి, తాత రాయిని కౌగిలించుకుని పైకి ఎగబాకాను. "వినబడుతోందా?" అని అరుస్తుండగానే, నానిన నేలలో రాయి మెల్లగా పక్కకు ఒరిగి నన్ను మర్యాదగా బురదలో దింపింది. ఎంత నెట్టినా మళ్లీ నిలబడలేదు. ఇంటికొచ్చి జారిపడ్డానని చెప్పాను (అబద్ధమేమీ కాదు).

మరునాడు అవ్వ రాయిని చూసి, "ముసలోడు అలిగిండు" అని తేల్చేసింది. వెంటనే కోడలి మీదకు తిరిగింది. "కొత్తల పండక్కి ఆయన రాయికి సారా తక్కువ పోసినవ్. నేను చూడలేదనుకున్నవా?"

"నిండుగనే పోసిన అత్తా" అని ఆమె ఏడ్చింది. ఆమెను నేను వదినా అని పిలిచేవాణ్ణి, నాకు రోజూ అన్నం పెట్టేదామె. నిజం చెబితే ఊరు వదలాల్సి వస్తుందని భయపడి నేను నోరు విప్పలేదు. ఊరివాళ్లంతా కలిసి రాయిని నిలబెట్టారు, కోడిని కోశారు. అవ్వ రాయి ముందు నిలబడి, "బతికున్నప్పుడూ గింతే! చిన్నదానికి మూతి ముడుస్తుంటివి" అని తిట్టిపోసింది. అందరూ నవ్వారు, వదిన తప్ప. ఆ కోడికూర నేను మారు అడిగి మరీ తిన్నాను. వడ్డించింది వదినే.

ఇన్నేళ్ల తర్వాత ఈమధ్య మళ్లీ వెళ్లాను. వదిన జుట్టు నెరిసింది. తాత రాయి పక్కన ఇప్పుడు అవ్వ రాయి ఉంది. జరిగిందంతా వదినకు చెప్పాను. "నా ఏడుపు అప్పుడే అయిపోయింది. నాకెందుకు చెప్తవ్ తమ్మీ, ముసల్దానికి చెప్పు. సచ్చేదాక ఆ సారా ముచ్చట ఇడిసిపెట్టలే" అంది.

మిట్ట కింద చెప్పులు విడిచాను. ఫోన్ ఆపేశాను. నా పేరు చెప్పుకుని, తల వంచుకుని మెల్లగా అన్నాను: "అవ్వా, తాత అలగలేదు. రాయి ఒరగదోసింది నేను. వదిన సారా నిండుగనే పోసింది."

వెనక నుంచి వదిన అంది: "గట్టిగ చెప్పు తమ్మీ, ఆమెకు చెవుడు గదా!"

పొట్ట పెరిగి, జుట్టు పలచబడిన ఈ వయసులో, అదే మిట్ట మీద మళ్లీ ఒర్లాను: "తప్పయిందవ్వా!"