తొంభై తొమ్మిది శాతం వరిపొలం

వరి మీద పరిశోధన చేస్తున్నానని గొప్పగా చెప్పుకు తిరిగిన ఆ రోజుల్లో, నిజానికి నాకు వరి మీదున్న ప్రేమంతా పళ్లెంలో వడ్డించిన అన్నం మీదే. కరీంనగర్ దగ్గర ఒక పరిశోధన క్షేత్రంలో ఎమ్మెస్సీ పని. నలభై రకాల వరి, ఒక్కో రకం పొలంలో మూడు చోట్ల. ఒక రకం ఎక్కువ గింజలు పెట్టి ఇంకోటి తక్కువ పెడితే, ఆ తేడాలో విత్తనం గుణమెంత, నేలా నీళ్లూ చేసిందెంత అని తేల్చాలి. విత్తనం వాటాను శాతంలో చెబుతారు. ఆ శాతం బాగుంటే, మంచి మొక్కను ఏరుకున్నప్పుడు దాని మంచితనం పిల్ల మొక్కలకూ దిగుతుందని నమ్మకం. (ఇప్పుడింత తేటగా చెబుతున్నాను గానీ, అప్పుడు ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేవాణ్ని.)

కోతలప్పుడు ప్రతి మడి నుంచి ఐదేసి గొలుకలు (వరి కంకుల్ని మా వైపు అలాగే అంటాం) తెంపి, కట్ట కట్టి, చీటీ తగిలించి, గింజలు లెక్కపెట్టాలి. మొదటి చోటువి లెక్కపెట్టేసరికే పది రోజులు పట్టింది. మెస్సులో అన్నం ముందు కూర్చున్నా మెతుకులు లెక్కపెడుతున్నాను. ఇక నా వల్ల కాదని, మిగతా రెండు చోట్లవీ విప్పకుండానే, మొదటి అంకెలకు ఒకచోట ఒకటి కలిపి, ఇంకోచోట రెండు తీసేసి, ఒక్క మధ్యాహ్నంలో పట్టిక నింపేశాను. ఆ కట్టలన్నీ కుప్పలో కలిపెయ్యమని చిన్నమ్మకు చెప్పాను. చిన్నమ్మంటే పొలంలో కూలి చేసే ఆడవాళ్లకు పెద్దదిక్కు. అందరూ ఆమెను అలాగే పిలిచేవారు.

మా గైడుకు మేం పెట్టుకున్న పేరు దశాంశం సారు. ఎండ ఎంతుందని అడిగినా చుక్క పెట్టి చెప్పే మనిషి. నా లెక్కలో విత్తనం వాటా తొంభై తొమ్మిది పాయింట్ ఆరు వచ్చింది. మురిసిపోతూ తీసుకెళ్లి చూపించాను. ఆయన కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"గింత మంచి పొలం యాడుందిరా? జర నాకు గూడ చూపియ్యి. ఉత్తరం మూలకు నీళ్లు నిలువలేదా? ఎలుకలు గూడ అన్ని మడులల్ల సమానంగ తిన్నయా?"

"లెక్కపెట్టలే సార్" అన్నాను నేల చూస్తూ. "కట్టలు కుప్పల కలిపిన."

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "అయితే వానకాలం మళ్ల నాటు. ఏడాది పోతది" అన్నారు.

ఏడాదంటే నాకు చిన్న మాట కాదు. సుల్తానాబాద్‌లో మా బాపు చాయ్ హోటల్లో కూర్చున్న ప్రతివాడికీ ఎండాకాలం కల్లా కొడుకు చదువైపోతుందని చెప్పేశాడు. (ఏం చదువని అడిగితే "వడ్ల డాక్టరు" అనేవాడు.) ఆయనకు ముఖం చూపించలేక, మళ్లీ నాటడానికి విత్తనమైనా మిగిలిందేమో కనుక్కుందామని పొలానికి పోయాను. చిన్నమ్మ సంగతంతా విని, నన్ను గోదాంలోకి తీసుకెళ్లి పైకి చూపించింది. దూలానికి నా కట్టలన్నీ చీటీలతో సహా వేలాడుతున్నాయి.

"కుప్పల కలుపుమన్నవు గని నాకు మనసొప్పలే బిడ్డా. వానల తడుసుకుంట ఒక్కోదానికి చీటీ కడ్తివి. యాష్టకొచ్చి ఇసుగుల అన్నవేమో, మళ్ల అడుగుతవని ఎలుకలకు అందకుంట కట్టిన."

నాకు ఏడుపాగలేదు. నాలుగు రోజులు ఆమె, ఇంకో ఇద్దరు నాతో పాటు కూర్చుని గింజలు లెక్కపెట్టారు. ఉత్తరం మూల గొలుకల్లో సగం గింజ పట్టని తాలే. నా శాతం అరవై నాలుగుకు పడిపోయింది. అంకె పడిపోయినందుకు సంబరపడ్డ విద్యార్థి బహుశా నేనొక్కణ్నే. దశాంశం సారు చూసి "గిదీ పొలమంటే" అన్నారు. నా నిర్వాకం ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ మేలు నేను మరవలేదు.

థీసిస్ అచ్చయింది. కృతజ్ఞతల పేజీలో, ఒక్కనాడూ పొలం గట్టెక్కని పెద్దలతో సహా అందరూ ఉన్నారు, చిన్నమ్మ తప్ప. పుస్తకం చూపించినప్పుడు "నా పేరు రాసినవా బిడ్డా?" అని ఆమె అడిగేదాకా నాకది తట్టనే లేదు. "రాసిన" అంటూ ఎవరో పెద్దాయన పేరు మీద వేలు పెట్టాను. ఆమె ఆ వరుసను తడిమి కళ్లకద్దుకుంది. సిగ్గుతో చచ్చిపోయి, ఇంటికి పోతూ బస్సులోనే ఆ పేజీ అడుగున పెన్నుతో ఆమె పేరు రాశాను. అది పట్టుకుని మళ్లీ ఆమె ముందుకు పోవడానికి మాత్రం పన్నెండేళ్లు పట్టింది. నిరుడు పోయి నిజం చెప్పాను.

"నాకెరుకే" అంది చిన్నమ్మ. "మా చర్చిల అప్పటికే సంతకం నేర్పిన్రు. నా అసలు పేరుకు రెండక్షరాలే. నువ్వు చూపెట్టింది జానెడున్నది."

"మరి అప్పుడే ఎందుకనలే చిన్నమ్మా?"

"గంత పెద్ద పుస్తకం చేతుల పట్టుకొని మురుస్తున్నవు. నీ మొఖం జూసి ఊకున్న."

ఆ మురిసిపోయిన కుర్రాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అబద్ధమని తెలిసి కూడా ఆమె ఆ వరుసను కళ్లకద్దుకుని వాణ్ని గట్టెక్కనిచ్చింది. నా చదువు చిన్నమ్మ పెట్టిన భిక్ష.