ఒడ్డుకు రాని పడవల లెక్క

మధురవాడలో ఒక స్కూలు ప్రతిభ గల పిల్లలకు విడిగా ఒక తరగతి నడుపుతోంది. పత్రికలో పనిచేసి రిటైరైనవాణ్ణి కదా అని, ఎంపిక కమిటీలో బయటి మనిషిగా నన్ను కూర్చోబెట్టారు. హెడ్మిస్ట్రెస్, గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన లెక్కల మాస్టారు, నేను. అంతే.

చివరి సీటు దగ్గర పేచీ వచ్చింది. పరీక్షలో ఒక ఫొటో ఇచ్చి, సముద్రం మీద పడవలెన్నో రాయమన్నారు. జాలరిపేట పిల్ల మిగతావన్నీ తప్పు లేకుండా రాసి ఆ ఒక్కటీ ఖాళీగా వదిలేసింది. ఒక స్టీల్ ప్లాంట్ ఉద్యోగి కూతురు వేరేచోట ఒక మార్కు పోగొట్టుకుంది కానీ, ఐదు మార్కుల ఆ ప్రశ్నకు సరైన జవాబు రాసింది. తక్కిన పిల్లలు దాదాపు అందరూ ఒక పడవ తక్కువ రాశారు. ప్రశ్న ఉంటే సీటు ఉద్యోగి కూతురిది. తీసేస్తే జాలరిపేట పిల్లది.

ఆ పిల్లను తల్లితో పాటు పిలిపించాం. పొద్దున్నే మంచు బాగా కమ్మి ఉంది. కిటికీలోంచి అపార్టుమెంట్ల సందున రోజూ కనిపించే సముద్రం ఆవేళ లేదు. పోర్టు వైపు నుంచి ఓడ కూత మాత్రం వచ్చి ఆగిపోయేది.

మాస్టారు ఫొటో ముందు పెట్టారు. పిల్ల ఒకసారి చూసి, దాన్ని బోర్లించింది.

"అన్నీ ఒడ్డుకొచ్చీసినాక సెప్తాను సార్."

"ఫొటోలో పడవలు ఒడ్డుకెప్పుడొస్తాయమ్మా? నేను రిటైరయ్యాకా?" అన్నారు మాస్టారు. పిల్ల నవ్వలేదు.

వేటలో ఉన్న పడవల్ని తమ ఇంట్లో లెక్కపెట్టరని తల్లి చెప్పింది. లెక్కపెడితే ఒకటి తగ్గుతుందట. అందుకని ఒడ్డున కూర్చున్నవాళ్ళు వచ్చినవాటినే లెక్కిస్తారు.

మాస్టారికి కోపం వచ్చింది. "రేపింకో పిల్ల మా ఇంట్లో మామిడికాయలు లెక్కెట్టరండీ అంటుంది. వదిలేద్దామా?" అన్నారు. ఒకరి కోసం కొలబద్ద వంచితే మిగిలిన పిల్లలకు అన్యాయం కాదా అని అడిగారు. అసలు ఒక ఇంటి పిల్లలు జవాబు తెలిసీ రాయలేని ప్రశ్న కొలబద్ద ఎలా అవుతుందని హెడ్మిస్ట్రెస్ ఎదురడిగారు. ఇద్దరి మాటలోనూ నాకు తప్పు కనిపించలేదు.

ఈలోగా తల్లి ఫొటో తిరగేసి చూసింది. తర్వాత అంచున మసకగా ఉన్న ఒక పడవ మీద వేలు పెట్టింది.

"ఇది మా బావగారిది బాబూ. ఏటకెల్లింది, మరి రానేదు."

ఆ ఫొటో ఎవరు తీశారో, ఎప్పటిదో మాలో ఎవరికీ తెలియదు. పాత క్యాలెండరులోంచి కత్తిరించిందన్నారు మాస్టారు. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, పెన్సిలు మొన ఒక్కో పడవ మీదా ఆనిస్తూ లెక్కపెట్టారు. చివరిది ఉండాల్సిన చోట పెన్సిలు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగారు. ఫొటో నా చేతికిచ్చి, "మీరు చూడండి" అన్నారు. నిమిషం క్రితం ఆమె వేలి కింద నేను చూసిన పడవ ఇప్పుడు అక్కడ లేదు. అంచంతా మంచే ఉంది.

హెడ్మిస్ట్రెస్ కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. మళ్ళీ ఒకసారి తుడుచుకున్నారు.

ప్రశ్న రద్దు చేద్దామని అన్నది మాస్టారే. ఎందుకని మేం అడగలేదు. సీటు జాలరిపేట పిల్లకు వచ్చింది.

కొన్నాళ్ళకు గాజువాక బస్టాపులో ఆ ఉద్యోగి నన్ను గుర్తుపట్టాడు. గొడవపడే మనిషి కాదు. తన కూతురు కరెక్టుగానే రాసింది కదా, దాని మార్కులు ఏమయ్యాయని మెల్లగా అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ప్రశ్నలోనే లోపం ఉందని, ఆ పడవ సరిగ్గా కనిపించదని ఏదో చెప్పబోయాను.

"అందరికీ కనిపించకపోతే మా అమ్మాయిదేం తప్పండీ?" అన్నాడతను. "అది బాగా చూసే రాసింది. ఆ చివరి పడవలో ఒకాయన నిలబడి చెయ్యి ఊపుతున్నాడని ఇంటికొచ్చి చెప్పింది కూడా."

బస్సు వచ్చింది. అతను ఎక్కాడు. నేను ఎక్కలేదు.