విశాలాక్షి వెచ్చబెట్టిన గోడ

చోడవరం తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తా అనంతపద్మనాభాన్ని ఆయన సొంత ఇంటి గోడే వేలెత్తి చూపించి పట్టించింది. కాకపోతే ఆ వేలు గోడది కాదు లెండి, ఆయనదే. మిగతాదంతా నిజం.

ముందు ఒప్పందం సంగతి చెప్పాలి. అనంతపద్మనాభానికి కిళ్ళీ, అందులో చిటికెడు పొగాకు, లేకపోతే పూట గడిచేది కాదు. ఒకసారి పంటిపోటు వచ్చి అనకాపల్లి వెళితే, డాక్టరు నోట్లోకి టార్చిలైటు వేసి చూసి, "పళ్ళు కావాలో పొగాకు కావాలో తేల్చుకోండి" అన్నాడు. ఇంటికొచ్చాక ఆయన భార్య విశాలాక్షి ఆ మాట పట్టుకుంది. అన్నం వడ్డిస్తూ అదే మాట, మజ్జిగ పోస్తూ అదే మాట. విసిగిపోయి ఆయన ఒక ఎత్తు వేశాడు. విశాలాక్షికి కాఫీ అంటే ప్రాణం. ఇత్తడి ఫిల్టరులో డికాషన్ దిగుతున్న చప్పుడు వినిపిస్తేగాని ఆవిడకి తెల్లవారేది కాదు.

"నువ్వు కాఫీ మానేస్తే నేను కిళ్ళీ మానేస్తాను" అన్నాడు.

అది ఆవిడ వల్ల కాదని ఆయన ధీమా. విశాలాక్షి చేతిలో ఉన్న గ్లాసు తీసుకెళ్ళి, సగం తాగిన కాఫీ పెరట్లో అరటి మొక్కకి పోసేసి, "ఇవాళ్టినించే" అంది.

అలా ఇద్దరూ మానేశారు. వీధి వీధంతా మెచ్చుకుంది. తన కోసం ఆవిడ చేసిన త్యాగం తలుచుకున్నప్పుడల్లా అనంతపద్మనాభానికి మనసు కలుక్కుమనేది. ఆ బాధ ఓర్చుకోలేక కచేరీ నుంచి వస్తూ దాసు బడ్డీకొట్లో ఒక కిళ్ళీ వేసుకునేవాడు.

నోరు ఎర్రగా పండకుండా దాసు అందులో కాచు వేసేవాడు కాదు. తమలపాకు తొడిమకి కాస్త సున్నం ఎక్కువ పెట్టి ఇచ్చేవాడు. ఆయన దాన్ని చూపుడువేలికి ఎత్తుకుని, నడుస్తూ కొంచెం కొంచెం నాలుకకి రాసుకుంటూ, ఇంటి మలుపు దగ్గర ఉమ్మేసి, వీధి కుళాయి దగ్గర పుక్కిలించి, లవంగం కొరికి గుమ్మం ఎక్కేవాడు. ముందుగదిలో గుమ్మం పక్క గోడకి ఒక చెయ్యి ఆన్చి చెప్పులు విప్పేవాడు. వేలికి మిగిలిన సున్నం అప్పుడే గోడకి రాసేసేవాడు. తాంబూలం వేసుకునే వాళ్ళందరూ చేసేదే. అలా రాస్తున్నానని ఆయనకే తెలియదు, చెయ్యి దాని పని అది చేసుకుపోయేది. వెల్ల వేసిన గోడ మీద సున్నం మరక ఎవరికి కనబడుతుంది?

ఇలా ఉండగా డెబ్భైమూడు వేసవిలో విశాలాక్షి వాల్తేరులో చెల్లెలింటికి వెళ్ళొచ్చింది. వచ్చిన దగ్గరనుంచి తన ముందుగది గోడలకేసి చూసి మొహం చిట్లించడం మొదలుపెట్టింది. చూడబోతే అక్కడున్నవన్నీ తల మరకలే. వచ్చినవాళ్ళందరూ బల్ల మీద కూర్చుని గోడకి తల ఆన్చేవాళ్ళే, తలకి నూనె రాయనివాళ్ళు ఊళ్ళోనే లేరు. పడకకుర్చీ వెనక గుమ్మడికాయంత మరక ఆయనది. దాని పక్కన కొబ్బరికాయంతది ఆయన తమ్ముడిది. మిగిలినవి ఎవరెవరివో ఆవిడ మనుషులు లేకుండానే చెప్పగలదు.

"మా చెల్లెలు వాళ్ళు గదికి బూడిద రంగు వేయించేరండీ. ఎంత నూనె తలైనా ఆనవాలు లేదు" అంది.

"బూడిదేవిటే? నిక్షేపంలాంటి ఇంటికి."

"చల్లారిన బూడిద కాదు. అప్పుడే పొయ్యిలోంచి తీసిన బూడిద. వెచ్చగా ఉంటుంది. ఆ గదిలో కూర్చుంటే భుజాల మీద శాలువా కప్పినట్టుంటుంది."

"మే నెలలో చోడవరంలో శాలువా ఎవరిక్కావాలే?"

ఆ ఆదివారమే వెల్ల వేసే పరదేశి కుండలూ కుంచెలూ పట్టుకుని దిగాడు. సున్నంలో దీపం మసి కలిపి గోడ మీద ఒక గీత గీశాడు. విశాలాక్షి దూరంగా వెళ్ళి చూసి, "చల్లగా ఉంది పరదేశీ" అంది.

"రంగుకి సలవేటమ్మగోరూ? జొరమొచ్చీదాకా కాయమంటారేటి?"

"కొంచెం కావి కలుపు."

ఎర్రటి కావి కలిపాడు. ఈసారి సీమపంది పిల్లలా గులాబీ రంగు వచ్చింది. ఇంకాస్త మసి వేస్తే వానమబ్బు, ఇంకాస్త సున్నం పోస్తే మళ్ళీ చలి. మధ్యాహ్నమయ్యేసరికి గోడంతా అతుకుల బొంతలా తయారైంది. సున్నం ఘాటుకి ముక్కు మూసుకుపోయిన అనంతపద్మనాభం వీధరుగు మీద కూర్చుని తుమ్ముతూ, "వెచ్చన కావాలంటే పొయ్యి తెచ్చి ముందుగదిలో పెట్టించు" అని కేకేశాడు.

విశాలాక్షి విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి రెండు ఇత్తడి చెంబులతో వచ్చింది. రెండింట్లోనూ నల్లగా ఏదో ఉంది.

"అదేవిటే?"

"కరక్కాయ నీళ్ళు. సున్నంలో పోస్తే గోడ గట్టిపడుతుందని మా నాన్నగారు చెప్పేవారు."

పరదేశి కుండ మీదికి వంగి గాలి పీల్చాడు. "ఈ కరక్కాయ మా గొప్ప ఓసనొస్తంది అమ్మగోరూ. నాకూ ఓ గళాసు పొయ్యండి."

"నీ పని నువ్వు చూడు" అంటూనే ఆవిడ గ్లాసు తెచ్చింది.

గోడకి రంగు వచ్చింది. బూడిదే, కాని గువ్వ మెడ కింద ఈకలా మెత్తగా, లోపల ఎక్కడో నిప్పు దాచుకున్నట్టు ఉంది. సాయంత్రం ఎండ వాలి పడేసరికి పడకకుర్చీ చేతులు కొత్తగా పాలిష్ పెట్టినట్టు మెరిశాయి. తల మరకలు ఏమయ్యాయో ఏమో, వాటి సొంతదారులు కూడా వెతికి పట్టలేకపోయారు. అనంతపద్మనాభానికి ఆ గది నచ్చింది. ఆ మాట పైకి అనలేదు.

అనవలసిన అవసరం కూడా రాలేదు. మర్నాడు పక్కింటి వరహాలక్ష్మి వచ్చి గది చుట్టూ చూసి, "సిమెంటు పని అయినట్టుంది వదినా. వెల్ల ఎప్పుడు వేయిస్తారు?" అంది. ఆ తరువాత వచ్చినవాళ్ళందరూ అదే అడిగారు. విశాలాక్షి మొహం మాడ్చుకుంటే, ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాడు.

ఆ నవ్వు వానలు మొదలయ్యే వరకే.

ఒక సాయంత్రం కచేరీ నుంచి వచ్చేసరికి విశాలాక్షి గుమ్మం పక్క గోడ దగ్గర దీపం పట్టుకుని నుంచుని ఉంది. బయట జోరుగా వాన. ఆవిడ చూస్తున్న చోట, రొమ్మెత్తున, నెలవంకల్లాంటి తెల్లటి మరకలు ఒకదాని మీద ఒకటి గుంపుగా ఉన్నాయి. అనంతపద్మనాభం అప్పటికే చెప్పులు విప్పేశాడు. చూస్తే వేలి కింద కొత్త నెలవంక తడితడిగా ఉంది. తన చేతి పని తనకి మొదటిసారి తెలిసింది. ఇన్నాళ్ళూ కాఫీ చుక్క ముట్టని మనిషికి ఇప్పుడు ఏ మొహం చూపించడం?

"ఇవేవిటండీ?"

"బల్లి" అన్నాడు.

"బల్లి."

"బల్లులు అలాగే చేస్తాయి. తెల్లగా."

"రోజూ ఇదే చోటా? ఇదే ఎత్తులోనా?"

"అలవాటు పడుంటుంది."

"వారం రోజులై లెక్క చూస్తున్నాను. రోజుకొకటి పడుతోంది. ఆదివారం పడలేదు."

ఆయన వేలు వెనక్కి దాచుకున్నాడు.

"గవర్నమెంటు బల్లి కాబోలు" అంది విశాలాక్షి. "ఏదీ, మీ వేలు ఇలా పెట్టండి."

పెట్టక తప్పలేదు. వేలు మరకలో అచ్చు దిగినట్టు సరిపోయింది.

విశాలాక్షి దీపం కిందపెట్టింది. "ఎవరి కోసం మానేను నేను? కాఫీ కాగుతున్న ఇంటి ముందునించి వెళ్ళాల్సొస్తే వీధి మారి వెళ్ళేను. పేరంటాల్లో గ్లాసు చేతికిస్తే వద్దన్నాను" అంటూ గొంతు గద్గదం చేసుకుంది.

అనంతపద్మనాభానికి కన్నీళ్ళొచ్చాయి. క్షమించమని అడగడానికి నోరు తెరిచాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? గోడ మీదనుంచి తీసిన వేలు తిన్నగా ఆ తెరిచిన నోట్లోకి వెళ్ళింది. వానకి చెమ్మెక్కిన గోడ రంగు నాలుకకి తగిలింది. ఆయన చప్పరించాడు. మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళి వాసన చూశాడు. ఇంకోసారి వేలు రాసి నాకాడు.

"విశాలాక్షీ, ఇది కరక్కాయ కాదే."

గద్గదం ఆగిపోయింది.

"కరక్కాయ వగరు. ఇది మంచి డికాషన్."

"గోడ కోసం కాచేను" అంది ఆవిడ.

"మూలపడ్డ ఫిల్టరులో ఇంత చిక్కగా దిగదు. పొడి ఎక్కడిది?"

"బియ్యం డబ్బాలో ఉండిపోయింది."

"పాత పొడికి ఈ కమ్మదనం ఉండదే. పైగా రెండు చెంబులు."

"ఒక చెంబు గోడకి."

"రెండోది?"

"పరదేశికి ఓ గ్లాసు పోసేను."

"మిగతాది?"

విశాలాక్షి కిటికీలోంచి బయటికి చూసి, "వాన తగ్గినట్టుంది" అంది.

తగ్గలేదు. ఇద్దరూ ఆ వెచ్చని గోడకేసి చూశారు. మొదట నవ్వింది ఎవరో ఇద్దరికీ గుర్తులేదు. తరువాత ఆవిడ లోపలికి వెళ్ళి, బియ్యం డబ్బాలోంచి కాదు, పోపుల పెట్టె వెనకనుంచి పొడి తీసి కాఫీ కలిపి తెచ్చుకుంది. ఆయన చొక్కా జేబులోంచి రేపటికి దాచుకున్న ఆకుల పొట్లం తీశాడు. ఆవిడ దాన్ని లాక్కుని, పొగాకు ఏరి కిటికీలోంచి వాన నీళ్ళలోకి విసిరేసి, ఆకులు మాత్రం తిరిగి ఇచ్చింది. కొత్త ఒప్పందం అదే. పొగాకు లేని తాంబూలం ఆయనకి, రోజుకొక గ్లాసు కాఫీ ఆవిడకి, రెండూ ఆ గదిలోనే, ఒకరి ఎదురుగా ఒకరు. ఆ పళ్ళు ఇంకా ఆయన నోట్లోనే ఉన్నాయి.

ఆ రంగు చూసి మొదట మూతి విరిచిన వరహాలక్ష్మి మరుసటి వేసవికి పరదేశిని పిలిచి అలాంటిదే వేయమంది. "అయితే సికోరీ కలపని పొడి తెప్పించండమ్మగోరూ" అన్నాడట పరదేశి.

ఇదంతా నేను రాసి అనంతపద్మనాభానికి చదివి వినిపిస్తే, ఆయన పడకకుర్చీలోంచి లేవకుండా, తల గోడకి ఆన్చి, చివరిదాకా విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు" అన్నాడు. "నేను కిళ్ళీ ఎరగను. మా ఆవిడ కాఫీ ఎరగదు. అది కరక్కాయే. ఆ మరకలు బల్లివే."