తప్పిపోతే కదలకూడదు

మొన్న మా పక్కింటి అమ్మాయి వచ్చి, పెళ్ళయ్యాక మొదటిసారి విదేశం చూడబోతున్నామని, సింగపూర్‌కి టిక్కెట్లు కూడా తీసుకున్నామని చెప్పి, ఏమేం జాగ్రత్తలు పడాలో చెప్పమని అడిగింది. నాకు తెలిసిన జాగ్రత్తలన్నీ మా వదినగారు నేర్పినవే, ఆవిడేమో పక్క గదిలోనే కూర్చుని ఉన్నారు.

వదినగారంటే మావారి అక్కగారు. అప్పట్లో ఆవిడది అవనిగడ్డ, మాది ఈ బందరే. గుడివాడ వాళ్ళెవరో సింగపూర్‌కి బృందంగా తీసుకెళ్తున్నారని తెలిసి, అంతకుముందు అన్నయ్యగారితో ఒకసారి వెళ్ళొచ్చిన ధైర్యంతో ఆవిడే నన్నూ బయలుదేరదీశారు. నెల ముందే నాచేత బూట్లు కొనిపించి, కొత్త బూట్లతో అక్కడ దిగితే కాళ్ళు బొబ్బలెక్కి గదిలోనే పడుండాలని భయపెట్టి, రోజూ నడిపించారు. చీర కిందనుంచి తెల్లబూట్లు కనపడుతూ కోనేరు సెంటర్ దాకా వెళ్తుంటే నవ్వినవాళ్ళు నవ్వారు, నాకు తల కొట్టేసినట్టుండేది, ఆవిడకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు.

కందిపొడి రెండు కవర్లలో చుట్టాలని, ఎవరెంత బతిమాలినా వాళ్ళ పొట్లం మన పెట్టెలో వేసుకోకూడదని, పాస్‌పోర్టు జిరాక్సు వేరే సంచిలో దాచాలని, దిగిన హోటల్ కార్డు ఎప్పుడూ పర్సులో ఉండాలని, భాష రాకపోతే టాక్సీవాడికి అదే చూపించాలని చెప్పేవారు. అన్నింటికన్నా ముఖ్యంగా, తప్పిపోతే ఉన్నచోటునుంచి కదలకూడదని, ఇద్దరూ వెతుక్కుంటూ తిరిగితే ఒకరికొకరు దొరకరని మరీమరీ చెప్పేవారు.

అదీ జరిగింది. ఒక స్టేషన్లో అందరూ రైలెక్కారు, నేను ఎక్కబోతుండగానే తలుపులు మూసుకుపోయాయి. అద్దం అవతల వదినగారి ముఖం కనపడింది, అంతలోనే రైలు కదిలిపోయింది. అక్కడే ఒక స్తంభం పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఎదుటి రైల్లోంచి ఆవిడ దిగి, చెదిరిన జుట్టుతో గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. తిట్టలేదు. "కదలకుండా ఉన్నావు, అంతే చాలే," అన్నారు. పుట్టింట్లో కూడా నా చెయ్యి ఎవరూ అంత గట్టిగా పట్టుకోలేదు.

అన్నయ్యగారు పోయాక ఆవిడ మా ఇంటికే వచ్చేశారు. ఆ తరవాత మతిమరుపు మొదలైంది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తరవాత మనుషులే పోయారు. కాస్త గాలి తగులుతుందని గిలకలదిండి రేవుకి తీసుకెళ్తే, పడవలకేసీ చేపల గుట్టలకేసీ చూసి, ఈ దేశంలో చేపలు అచ్చం మనవాటిలాగే ఉన్నాయని ఆశ్చర్యపోయారు. ఇంటికొచ్చాక, ఈ హోటల్లో ఇంకా ఎన్నాళ్ళుంటామని మావారిని అడిగారు. తమ్ముడికి ఆ పూట అన్నం సయించలేదు.

ఆ ప్రయాణమైనా గుర్తుందేమోనని పక్కింటి అమ్మాయిని ఆవిడ గదిలోకే తీసుకెళ్ళాను. సింగపూర్ అనగానే వదినగారు నిటారుగా కూర్చుని, బూట్ల దగ్గర్నుంచి హోటల్ కార్డు దాకా ఒక్కటీ వదలకుండా చెప్పారు. ఆ పిల్ల ఫోనులో టకటకా రాసుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది, ఎక్కడో లోపల ఉన్నారు కదా అనిపించింది. అంతలో ఆవిడ నావైపు తిరిగి, కొత్తవాళ్ళను చూసినంత మర్యాదగా నవ్వారు.

"మీరొక్కరే వచ్చారా అండీ? తప్పిపోతే మాత్రం కదలకండి. మీవాళ్ళే వెతుక్కుంటూ వస్తారు."

అలాగేనండీ అన్నాను.

ఈ రోజుల్లో పిల్లలకు చేతిలో ఫోనుంటే చాలు, వీధి వీధీ అదే చూపిస్తుంది, ఎవరూ ఎక్కడా తప్పిపోనక్కర్లేదు. స్తంభం పక్కన బిక్కుబిక్కుమంటూ నిలబడటం మన తరంతోనే పోయినట్టుంది. నేను మాత్రం రోజూ సాయంత్రం ఆవిడ కుర్చీ పక్కన కదలకుండా కూర్చుంటున్నాను. నన్ను వెతుక్కుంటూ రావలసిన మనిషి ఆవిడే.