టిక్కెట్ల పెట్టెలో పొగ

దయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. బస్సు కండక్టరుగా అనంతపురం జిల్లా అంతా తిరిగినదాన్ని. శ్మశానాల పక్కన, నరమానవుడు కనపడని బీళ్ళ మధ్య బస్సు చెడిపోతే గంటలకొద్దీ కూర్చున్నదాన్ని. దయ్యమంటూ ఉంటే ఎప్పుడో ఒకసారి నా బస్సు ఎక్కేది, నేను టిక్కెట్టు కొట్టేదాన్ని. ఎక్కలేదు.

నేను నమ్మేది నా కళ్ళను, నా ముక్కును. వెనక సీటులో ఎవడైనా బీడీ ముట్టిస్తే ఇంజను పక్కన నిలబడి పసిగట్టేస్తాను. ‘పొగ త్రాగరాదు’ అని ప్రతి బస్సులోనూ రాసి ఉంటుంది. ఎవరూ చదవరు కాబట్టి నేనే చదివి వినిపిస్తుంటాను. నాకు అనుమానం జాస్తి అని డిపోలో అందరూ అంటారు. ప్రతివాడూ తన పిల్లవాడికి ఇంకా ఐదేళ్ళు నిండలేదనే ఉద్యోగంలో అనుమానం కాక ఏముంటుంది?

మా ఆయన ఓబులేసు దోసె మాస్టరు. బెంగుళూరులో పనిచేస్తున్నప్పుడు ఒక ఏజెంటు ద్వారా జపాన్‌లో, మనవాళ్ళు నడిపే హోటల్లో పని దొరికింది. రెండువేల రెండు ప్రాంతంలో పోయి, మూడేళ్ళు చేసి, దగ్గుతో తిరిగొచ్చాడు. అక్కడి డాక్టరు, ఇక్కడి డాక్టరు ఒకే మాట చెప్పారు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, మళ్ళీ సిగరెట్టు ముట్టుకుంటే మనిషి దక్కడని.

ఆయన మా పాప తల మీద చెయ్యి పెట్టి మానేశానని ప్రమాణం చేశాడు. నేనూ ఒక మాట చెప్పాను. మళ్ళీ తాగినట్టు తెలిస్తే పాపను తీసుకుని గోరంట్లలో మా పుట్టింటికి వెళ్ళిపోతాను, తిరిగి రాను అని. ఊరికే బెదిరించలేదు. మా నాయన బీడీలు తాగి తాగి చివరికి ఎలా పోయాడో పక్కన కూర్చుని చూసినదాన్ని. ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు.

ఆయన తెచ్చిన సూట్‌కేసు విప్పింది నేనే. సిగరెట్లు లేవు. అరచేతిలో పట్టేంత నీలం సంచి మాత్రం ఒకటి కనిపించింది. లోపలంతా వెండి రంగు రేకు, పైన నొక్కితే టక్కున మూసుకునే గుండీ. ఏమిటని అడిగితే బూడిద సంచి అన్నాడు. సిగరెట్టు బూడిద, ఆర్పిన పీక రోడ్డు మీద పడకుండా అందులో వేసుకుని ఇంటికి తీసుకుపోతారట అక్కడ.

ఆయన చెప్పిన పద్ధతులు వింటే నాకు మతిపోయింది. ఆయన పనిచేసిన వీధి నిండా చిన్న చిన్న బార్లు. ఆ పేటలో రోడ్డు మీద నడుస్తూ సిగరెట్టు తాగకూడదు, తాగితే జరిమానా. గుర్తు గీసిన చోట నిలబడి తాగాలి. అదే బారులోకి పోతే మాత్రం నలుగురూ భుజాలు రాసుకుంటూ తినే చోట, మనిషికొక బూడిద గిన్నె పెట్టుకుని హాయిగా తాగొచ్చు. పక్కన ఎవరైనా తింటుంటే ఒక మాట అడిగితే మర్యాద. గిన్నె నిండితే బారు నడిపే ఆవిడ శుభ్రమైన గిన్నెను దాని మీద బోర్లించి రెండింటినీ కలిపి ఎత్తుతుంది, బూడిద ఎగిరి ఎవరి సారాయిలోనూ పడకూడదని. ఆ తరువాత శుభ్రమైనది పెడుతుంది.

ఆరుబయట తాగకూడదట, గదిలో తాగొచ్చట. మన బస్సుల్లో రూలుకు పూర్తిగా తలకిందులు. నాకైతే ఆయన కోతలు కోస్తున్నాడనే అనిపించింది.

పోయిన కొత్తలో ఆయన తెలియక రోడ్డు మీద ముట్టిస్తే జరిమానా వేసేవాళ్ళు పట్టుకున్నారట. కిమురా అనే ఒక ముసలాయన అడ్డం వచ్చి, వాళ్ళకు సర్దిచెప్పి, బారులోకి లాక్కుపోయి సైగలతోనే ఈ పద్ధతులన్నీ నేర్పించాడట. అప్పటి నుంచీ ఇద్దరూ దోస్తులు. తిరిగొచ్చేటప్పుడు ఆ తాత తన సొంత సంచినే జ్ఞాపకంగా ఇచ్చాడు. అందుకే పారేయబుద్ధి కాలేదని షోకేసులో స్టీలు గ్లాసుల పక్కన పెట్టుకున్నాడు.

కొన్ని నెలలు ఏమీ లేదు. ఒకరోజు షోకేసు తుడుస్తూ సంచి తెరిస్తే లోపల చిటికెడు బూడిద. పాతదేమో అనుకుని సబ్బు పెట్టి కడిగి ఎండలో ఆరేశాను. ఆ వారంలోనే మళ్ళీ తెరిచాను. ఈసారి పీక ఉంది. ఫిల్టరు చుట్టూ సన్నటి ఆకుపచ్చ గీత, దాని మీద జపాన్ అక్షరాలు. ఫిల్టరును ఎవరో పళ్ళతో నొక్కి చప్పిడి చేసినట్టుంది. నోటి తడి ఇంకా ఆరలేదు.

"ఏమయ్యా, యాడిది ఇది?" అన్నాను.

"నాకేం తెలుసు పార్వతీ. నేను పండుకోనుంటి. పాప మీద ఆన, నేను తాగల్యా."

నేను డ్యూటీకి, పాప స్కూలుకు పోయాక మధ్యాహ్నమంతా ఇంట్లో ఆయన ఒక్కడే. ఇంకెవరు తాగుతారు? ఆయన నోరు వాసన చూశాను, వేళ్ళు చూశాను, జుట్టు చూశాను. ఏమీ లేదు. నా ముక్కు అబద్ధం చెప్పదు, కానీ పీక కళ్ళ ముందర ఉంది. పరుపు కింద, బియ్యం డబ్బాలో, అటక మీద వెతికాను. సందు చివర బంకువాణ్ణి అడిగాను. అలాంటి సిగరెట్టు వాడు కలలో కూడా చూడలేదన్నాడు. నేను అన్నం పెట్టడం మానలేదు గాని మాట్లాడటం మానేశాను.

రెండో పీక కనిపించిన రోజు తెగించేశాను. గోరంట్లలో మా అన్నకు ఫోన్ చేసి, రేపు నా బస్సు వచ్చే వేళకు బస్టాండుకు రమ్మన్నాను. సాక్ష్యం చూపించి, ఇల్లు ఖాళీ చేసే ఏర్పాట్లు మాట్లాడాలని. రెండు పీకలనూ సంచిలోనే ఉంచి గుండీ నొక్కి, టిక్కెట్ల పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నల్లదారంతో నా మెడలో ఉంటుంది. ఆయన గడపలో నిలబడి చూస్తున్నాడు.  నాకు ఏడుపొచ్చింది, కనపడనివ్వలేదు.

ఆ ఏడు కూడా వేరుశనగ పోయింది. చెన్నేకొత్తపల్లి దాటాక కిటికీల్లోంచి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. పెనుకొండలో టిక్కెట్లు కొట్టడం అయిపోయాక పెట్టెకు మళ్ళీ తాళం వేసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మామూలుగా సీటు కింద పెడతాను. ఆ రోజు మాత్రం కాపురమంతా అందులోనే ఉన్నట్టు గట్టిగా పట్టుకున్నాను.

సోమందేపల్లి దాటాక వాసన తగిలింది.

అలవాటుగా లేచి నిలబడ్డాను. "ఎవరప్పా ముట్టించింది? ఆర్పుతావా, దిగుతావా?" అని అరిచాను. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. అది బీడీ వాసన కాదని అప్పటికే నాకు తెలిసిపోయింది. కొంచెం తియ్యగా, కొంచెం కమురుగా, ఆ సంచి వాసనే.

నా పక్కన కోళ్ళ గంప పెట్టుకుని ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. "యాడో ఎతుకుతాండావేమ్మా. నీ పెట్టెలోంచే వస్తాండాది సూడు" అంది.

అందరూ ఇటు తిరిగారు. పెట్టె మూత సందులోంచి సన్నగా పొగ. డ్రైవరు ఖాదరన్న వైరు కాలుతోందేమోనని బస్సు పక్కకు ఆపేశాడు. ఆయన, ముసలమ్మ, ముందు సీట్లవాళ్ళు చూస్తుండగా నేను తాళం తీశాను. టిక్కెట్లు ఒక్కటీ కాలలేదు. సంచి గుండీ నొక్కినది నొక్కినట్టే ఉంది. అది తీయగానే పొగ నా ముఖానికి కొట్టింది. నేను పెట్టినవి రెండు పీకలు. లోపల మూడు ఉన్నాయి. మూడోది వేడిగా ఉంది. ఫిల్టరు చప్పిడిగా, తడిగా ఉంది.

"కండక్టరమ్మే తాగుతాంటే ఇంగ మనల్నేం పట్టుకుంటాదప్పా" అని వెనక నుంచి ఎవడో అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇంకో రోజైతే వాణ్ణి దింపేదాన్ని. ఆ రోజు పెట్టె మూసి కూర్చుండిపోయాను. నాకు చచ్చేంత భయం వేసింది.

గోరంట్ల బస్టాండులో మా అన్న ఎదురుచూస్తున్నాడు. "ఏం పారూ, ఉన్నపళంగా రమ్మంటివి. ఓబులేసు ఏమన్నా చేసినాడా?"

"ఏం ల్యా అన్నా. ఊరికే సూడాలనిపించింది."

మా ఇంట్లో అనుమానం అందరికీ ఉంది. మా అన్న నన్ను కిందా మీదా చూసి, టీ తాగించి, సగం నమ్మి పోయాడు.

సంచి ఇచ్చిన ఆ తాత చచ్చిపోయి ఉంటాడని దారంతా నా మనసులో ఖాయమైపోయింది. మరునాడు డ్యూటీ దిగి ఇంటికి రాగానే మా ఆయన్ను పట్టుకుని ఫోన్ బూత్‌కు పోయాను. జపాన్‌లో ఆయనతో కలిసి పనిచేసి, ఇంకా అక్కడే ఉన్న కదిరి శీనుకు చేయించాను. ఈ సంగతులేవీ చెప్పొద్దు, తాత ఎలా ఉన్నాడని మాత్రం అడగమన్నాను. నా చెవి కూడా రిసీవరుకు ఆనించి పెట్టాను. నేను అలాగే చేస్తానని ఆయనకు తెలుసు.

"ఆయనకేమన్నా, గుండ్రాయి మాదిరుండాడు" అన్నాడు శీను. "మతే సరిగా ల్యా. బారమ్మతో కొట్లాడి రావడమే మానేసినాడు."

ఎందుకని మా ఆయన అడిగాడు. శీను నవ్వుతూ చెప్పాడు. తాత సిగరెట్టు ముట్టించి గిన్నె అంచున పెట్టి, ఎవరితోనో మాట్లాడి ఇటు తిరిగేసరికి సిగరెట్టు ఉండదట. పీక లేదు, బూడిద లేదు, గిన్నె కడిగినట్టుంటుందట. తన చేత మాన్పించాలని బారమ్మే గిన్నె మార్చి ఎత్తుకుపోతోందని తాత అనుమానం. ఆమె తాకలేదని ఒట్టు పెట్టుకుందట, ఏడ్చిందట. ఇన్నేళ్ళ స్నేహంలో నువ్వు నా దగ్గర దొంగతనం చేస్తావా అని అందరి ముందూ అరిచి తాత వెళ్ళిపోయాడు. నిన్న సాయంత్రం ఒకసారి వచ్చి కూర్చుంటే, ఏడున్నర ప్రాంతంలో మళ్ళీ అదే జరిగిందట. ఆమె ఆయన కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

అక్కడ ఏడున్నర అంటే ఇక్కడ నాలుగు. నిన్న నాలుగింటికి నేను సోమందేపల్లి దగ్గర ఉన్నాను.

మా ఆయన ఫోన్ పెట్టేసి నా ముఖం చూశాడు.  ఆ రాత్రి నేను ఆయన గురించి కాదు, ఎన్నడూ చూడని ఆ బారమ్మ గురించే ఆలోచించాను. ఒట్టు పెట్టినా ఎవరూ నమ్మలేదు పాపం. ఆమె మాట నేను వెంటనే నమ్మేశాను. పాప తల మీద చెయ్యి పెట్టిన మొగుణ్ణి మాత్రం నమ్మక బియ్యం డబ్బాలో వెతికాను.

మరునాడు మూడు పీకలతో సహా ఆ సంచిని బారమ్మ పేరున పోస్టులో పంపించాం. కొన్ని వారాలకు శీను ఫోన్ చేశాడు. ఆమె తాతను పిలిపించి సంచి ఆయన ముందర పెట్టిందట. ఫిల్టరు కొరకడం తాతకు చిన్నప్పటి అలవాటట. ఆయన పీకలను చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ఆమెకు తల వంచి దండం పెట్టి, తన కుర్చీలో కూర్చున్నాడట. ఆమె శుభ్రమైన గిన్నె తెచ్చి పెట్టిందట.

ఆ తరువాత మా ఇంట్లో గాని బస్సులో గాని ఆ వాసన రాలేదు. మా ఆయన ఇప్పుడు టిఫిన్ బండి పెట్టుకున్నాడు. రోజూ సాయంత్రం ఆయన విప్పిన చొక్కా వాసన చూస్తాను. నూనె, దోసెపిండి తప్ప ఏమీ ఉండదు. అయినా చూస్తాను. ఆయన నవ్వుకుని చొక్కా నా చేతికే ఇస్తాడు.

మా ఆయనా శీనూ ముందే మాట్లాడుకుని ఈ నాటకం ఆడారేమోనని కూడా ఆలోచించకపోలేదు. ఇంట్లో దొరికిన పీకల వరకు అయితే అలాగే అనుకుని ఊరుకునేదాన్ని. కానీ బస్సులో పెట్టె నా ఒళ్ళో ఉంది, తాళంచెవి నా మెడలో ఉంది. ఎవరినైనా అనుమానిద్దామంటే అక్కడ నేను తప్ప ఇంకెవరూ లేరు.