ఓడకు ఎనిమిది తూట్లు

మా ఊరి సెలూన్లో నేను చాలాసార్లు చెప్పి నవ్వించిన కథ ఇది. ఒక్క మాట తప్ప మిగతాదంతా నిజం.

ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందు ఏడాది. ఖతర్‌లో పన్నెండేళ్లు షట్టరింగ్ పని చేసి చేసి, పదిమంది వడ్రంగుల మీద చార్జిహ్యాండ్‌ని అయ్యాను. ఒకరోజు మా ఇంజినీరు, రాజమండ్రి వైపాయన, డ్రాయింగులు తెచ్చి టేబుల్ మీద పరిచాడు.

"ఏమయ్యా, ఓడ కడతావా?"

నిజంగానే ఓడ. కరీబియన్ సముద్రంలో ఒకప్పుడు ఓడదొంగలు నడిపిన తెరచాపల ఓడకు నమూనా. ఆటలు చూడటానికి వచ్చే జనం కోసం బీచ్‌లో నిలబెట్టాలి. నీళ్లలో తేలక్కర్లేదు, ఇసుకలో నిలబడితే చాలు. ఇంటికి ఫోన్ చేసి చెబితే, "దుబాయిల ఓడలు గూడ కడుతరా?" అన్నది మా అమ్మ.

ఇండస్ట్రియల్ ఏరియాలో మా యార్డు. అంతకుముందు పొద్దున బస్సెక్కగానే అందరం నిద్రపోయేవాళ్లం. ఓడ మొదలయ్యాక ఒక్కడు కునుకు తీస్తే ఒట్టు. స్తంభం ఎంత ఎత్తు, జెండా ఎవరు కట్టాలి, దారంతా ఇదే గోల. సిమెంటు పోశాక పీకి పారేసే చెక్క కాదు కదా ఇది, చూడ్డానికి నిలిచి ఉండే చెక్క.

మాలో ఘనా నుంచి వచ్చిన వడ్రంగి ఒకడు ఉండేవాడు. గల్ఫ్‌లో నేర్చుకున్న హిందీలోనే మా మాటలన్నీ. ఓడను తిప్పే చక్రాన్ని మొత్తం అతనొక్కడే చేశాడు. నున్నగా, చేత్తో తాకితే వదలబుద్ధి కాదు. "చీఫ్, తెరచాపలు ఎత్తిన రోజు ఈ చక్రం పట్టుకుని ఫొటో దిగుతాను. అప్పటిదాకా నన్ను వేరే సైటుకు పంపొద్దు" అని మాట తీసుకున్నాడు. ఇచ్చాను.

డ్రాయింగులో పై డెక్కు కింద ఇంకో డెక్కు ఉంది. దాని మీద ఇంగ్లీషులో రాసినదాన్ని నేను 'స్లీవ్ డెక్' అని చదివాను. స్లీవ్ అంటే పైపు పోవడానికి స్లాబులో వదిలే రంధ్రం. పన్నెండేళ్లుగా రోజూ చూసిన మాట. దానికి తగ్గట్టు అక్కడ ఎనిమిది గుండ్రటి గుర్తులు కూడా ఉన్నాయి. హుషారుగా మిషను పట్టి ఎనిమిది తూట్లూ నేనే కోసేశాను.

జగిత్యాల పిల్లగాడొకడు తొంగి చూసి, "కాకా, దొంగల ఓడల గూడ బాత్రూమా?" అన్నాడు.

"దొంగలైతే ఆగుతదారా?" అన్నాను. అందరూ నవ్వారు.

భోజనాలయ్యాక ఘనా వడ్రంగి డ్రాయింగు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"చీఫ్, ఇది స్లీవ్ కాదు. స్లేవ్. గులామ్. దొంగల చేతికి రాకముందు ఈ ఓడ మనుషుల్ని మోసింది. ఈ గుర్తులు గొలుసులు కట్టే రింగులవి. అవతలి ఒడ్డున చెరకు తోటల్లోకి తోలేవాళ్లు. ఓడ ఎక్కించేముందు వాళ్లను ఉంచిన కోట మా ఊళ్లో ఇంకా ఉంది."

"రింగులు పెడదామా మరి?" అన్నాను.

"పెట్టు చీఫ్. పెట్టకపోతే ఇది ఉత్త బొమ్మ."

అంతలో ఇంజినీరు వచ్చాడు. తూట్లు చూసి ఆయన మొహం మాడిపోయింది. "ప్రపంచకప్పు నెత్తి మీదకొచ్చి కూర్చుంది. ఎవడు చేశాడీ పని? వాడు రేపు ఈ యార్డులో కనపడకూడదు."

ఆయనా తెలుగే, నేనూ తెలుగే. ఘనా వడ్రంగి డ్రాయింగు పట్టుకుని మా పక్కనే నిలబడ్డాడు.

"వీడే సార్. ఇంగ్లీషు తప్పు చదివిండు" అన్నాను.

తన పని గురించే ఏదో మంచి మాట చెబుతున్నాననుకుని, అతను నన్ను చూసి నవ్వాడు.

మర్నాడు అతణ్ణి అల్ ఖోర్ సైటు బస్సు ఎక్కించారు. ఎందుకో అతనికి ఎవరూ చెప్పలేదు. "చీఫ్, తెరచాపలు ఎత్తేలోపు పిలిపిస్తావు కదా?" అన్నాడు. పిలిపిస్తానన్నాను. తూట్లకు అతుకులు వేసి, వాటి మీదే రింగులు బిగించాం.

ఓడను బీచ్‌కు చేర్చి తెరచాపలు ఎత్తిన రోజు చూడాలి. క్రేను మూడో స్తంభాన్ని దించి నిలబెట్టగానే సముద్రం మీది గాలి తెరచాపల్ని ఒక్కసారిగా నింపింది. గుడ్డ ఫెళఫెళమంది. పనివాళ్లమంతా ఎవరి భాషలో వాళ్లం కేకలు పెట్టాం. రోడ్డు పొడవునా అన్ని దేశాల జెండాలు. "యల్లా, పద, చక్రం దగ్గర నిలబడవయ్యా" అని ఇంజినీరు నాకు ఫొటో తీశాడు. ఒళ్లంతా పొంగిపోయింది. దాచడం దేనికి, ఆ క్షణం నాకు అతను గుర్తే రాలేదు.

ఊరికొచ్చాక సెలూన్లో ఆ ఫొటో చూపిస్తూ, "ఘనావోడొకడు స్లేవ్‌ను స్లీవ్ అని చదివిండు" అని మొదలుపెట్టేవాణ్ణి. మొన్న షాపతను ఫోను చేతిలోకి తీసుకుని, ఫొటోను పెద్దది చేసి చూశాడు.

"అన్నా, గీ చక్రం మస్తుగున్నది. నువ్వే చేసినవా?"

"కాదు. చక్రం అతను చేసిండు. తూట్లు నేను పొడిచిన."